కడుపుతో ఉన్నప్పుడు ఇలియోస్టమీ సంచి: కర్నూలు సర్జికల్ షాపుల్లో ఏది కొనాలి, ఏది వద్దు

ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి, విరేచనం సంచిలో పడేలా చేసే ఆపరేషన్) ఉన్న అమ్మాయి నీళ్లు పోసుకుందని తెలియగానే ఇంట్లోవాళ్లకు తోచే మొదటి ముందుజాగ్రత్త ఒకటుంది: ఇప్పుడు వాడుతున్న సంచులే ఇంకో నాలుగు డబ్బాలు తెప్పించి బీరువాలో పెట్టడం. ఆ పని చేయొద్దు. ఐదో నెల దాటాక పొట్టతో పాటు స్టోమా, అంటే పొట్ట మీద తెరిచిన పేగు నోరు, కూడా సాగుతుంది. గుండ్రంగా ఉన్నది కోలగా అవుతుంది. కొందరికి చుట్టుకొలత పెరుగుతుంది, కొందరికి చర్మం మట్టానికి కుంగిపోతుంది, ఇంకొందరికి పేగు బయటికి జారుతుంది. మూడో నెలలో అతికినట్టు సరిపోయిన సంచే ఏడో నెలలో పూటకోసారి కారడానికి కారణం ఇదే. సంచి నాసిరకమని షాపువాడితో గొడవ పడేవాళ్లలో చాలామందికి అసలు సమస్య కొలత.

అందుకని ఇక్కడ ఒక్కటే తూకం పెట్టుకున్నాం: పొట్ట మారేకొద్దీ ఈ సరుకు కూడా మారగలదా, లేదా? కంపెనీ పేరు, ధర, రంగు అన్నీ ఆ తర్వాతే.

ముందు షాపు సంగతి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల చుట్టుపక్కల అయినా, అనంతపురంలో, కడపలో పెద్దాసుపత్రుల దగ్గరైనా, కౌంటర్ మీద అన్ని సంచులకూ పేరు ఒకటే, కొలాస్టమీ బ్యాగ్. ఇలియోస్టమీ అని అడిగినా అదే చేతికిస్తారు. తీసుకున్న వెంటనే కింది కొన చూడండి. మూసుకుపోయి ఉంటే అది పెద్దపేగు స్టోమాకు, గట్టి విరేచనానికి, ఒకసారి వాడి పారేసే రకం. చిన్నపేగు నుంచి వచ్చేది పలుచని జావ. మామూలుగా రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు, కొన్నిసార్లు లీటరు దాకా వస్తుంది. సంచి మూడో వంతు నిండగానే వంచాలి కాబట్టి రోజుకు ఐదారుసార్లయినా ఖాళీ చేయక తప్పదు. కింద తెరుచుకునే సంచే కావాలి. కొన్నిటికి విడిగా క్లిప్పు ఉంటుంది, కొన్నిటికి మూతి దగ్గరే మడిచి నొక్కే పట్టీ ఉంటుంది. కడుపు పెరిగాక కిందికి వంగి క్లిప్పు వెతుక్కోవడం కష్టం. మడిచి నొక్కేదే మేలు.

పలుచని ప్లాస్టిక్ సంచి

అన్నిటికంటే చవక ఇదే. వెనుక మామూలు జిగురు రింగు, లేదంటే ప్లాస్టిక్ చట్రం, నడుముకు బెల్టు. చర్మాన్ని కాపాడే హైడ్రోకొల్లాయిడ్ పొర ఉండదు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో ఆహారాన్ని అరిగించే ఎంజైములు ఇంకా పని చేస్తూనే ఉంటాయి. అవి చర్మం మీద కొన్ని గంటలు నిలిచినా చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. గర్భంతో చర్మం ఇప్పటికే సాగి, చీలికలు పడి ఉంటుంది. దాని మీద ఈ పుండు తోడైతే ఇక ఏ ఖరీదైన సంచీ అంటుకోదు. పైగా బెల్టు బిగిస్తే తప్ప ఇది నిలవదు, ఆ బిగింపు నేరుగా పొట్ట మీదే పడుతుంది. ఎంత చవకైనా వద్దు. డబ్బు మరీ కటకటగా ఉంటే మిగతా హంగులన్నీ మానుకుని ఒక మంచి సింగిల్ పీస్ మీద పెట్టండి.

సింగిల్ పీస్, కత్తిరించుకునే రకం

చర్మానికి అంటుకునే పొర, సంచి రెండూ కలిసి వచ్చేది. మా ఓటు దీనికే, ముఖ్యంగా ఐదో నెల తర్వాత. గట్టి రింగు లేదు కాబట్టి పొట్ట ఒంపుతో పాటు వంగుతుంది. పడుకుని పక్కకు తిరిగినా కుచ్చుకోదు. మధ్యలో చిన్న రంధ్రం మాత్రమే ఉండి, చుట్టూ గీతలు అచ్చేసి ఉంటాయి. చాలా రకాల్లో 10 మిల్లీమీటర్ల నుంచి 70 పైచిలుకు దాకా మన కొలతకు కత్తిరించుకోవచ్చు. స్టోమా నెలనెలా మారినా అదే డబ్బా పనికొస్తుంది. డబ్బా కొనేముందు ఆ పైహద్దు ఎంతో చూసుకోండి. 50 దగ్గరే ఆగిపోయే రకాలూ ఉన్నాయి, పేగు జారిన వాళ్లకు అవి చాలవు. ముందే రంధ్రం చేసి వచ్చే ప్రీకట్ రకం మామూలు రోజుల్లో సుఖమే కానీ ఈ తొమ్మిది నెలలూ దాని జోలికి పోకండి.

లోపం లేదా అంటే ఉంది. సంచి మార్చినప్పుడల్లా జిగురు కూడా ఊడదీయాలి. రెండు మూడు రోజులకోసారి మార్చేటప్పుడు సాగిన చర్మం గుంజుకుంటుంది. సంచిని లాగకుండా, ఒక చేత్తో చర్మాన్ని కిందికి అదుముతూ, తడిగుడ్డతో పైనుంచి నెమ్మదిగా విడదీస్తే చాలావరకు నెగ్గుకురావచ్చు.

పారదర్శకమైనదా, చర్మం రంగుదా? ఈ తొమ్మిది నెలలకూ పారదర్శకమైనదే తీసుకోండి. పొట్ట అడ్డమొచ్చి కిందికి చూడలేని రోజుల్లో, అద్దంలోనో పక్కవాళ్ల కళ్లతోనో స్టోమా రంగు చూడాల్సి వస్తుంది. తడిగా, ఎర్రగా ఉంటే బాగున్నట్టు. ఊదా రంగుకో నలుపుకో తిరిగితే రక్తం అందడం లేదన్నట్టు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు.

టూ పీస్

చర్మానికి అంటుకునే రింగు పలక, అంటే ఫ్లాంజ్ విడిగా, సంచి విడిగా. కోలోప్లాస్ట్, హోలిస్టర్, కన్వాటెక్ మూడు కంపెనీలూ చేస్తాయి. ఒకదాని సంచి ఇంకోదాని ఫ్లాంజ్‌కు పట్టదు. కోలోప్లాస్ట్ రింగులు 40, 50, 60 మిల్లీమీటర్లలో, హోలిస్టర్‌వి 44, 57, 70లో, కన్వాటెక్‌వి 38, 45, 57, 70లో వస్తాయి. ఒకే కంపెనీలో కూడా రింగు సైజు కలవాలి. షాపులో సగం నిల్వ ఒక సైజు, సగం ఇంకో సైజు ఉండటం మామూలే కాబట్టి రెండు డబ్బాల మీదా అంకె చదివాకే డబ్బులివ్వండి.

ఫ్లాంజ్ మూడు నాలుగు రోజులు అలాగే ఉంచి సంచి మాత్రం మార్చుకోవచ్చు, చర్మానికి గుంజుడు తక్కువ. మొదటి నాలుగైదు నెలలకు ఇది మంచి సరుకే. ఆ తర్వాత మూడు చిక్కులు వస్తాయి. రింగు గట్టిది, పొట్ట గుండ్రమయ్యేకొద్దీ దాని అంచులు లేచి అక్కడ నుంచే కారుతుంది. సంచిని రింగు మీద క్లిక్‌మనేదాకా నొక్కాలి, నిండు పొట్ట మీద అంత ఒత్తిడి పెట్టడం ఎవరికీ మనసొప్పదు. ఒప్పినా, కనపడని చోట సగం పట్టి సగం పట్టకుండా వదిలేస్తే దారి మధ్యలో ఊడుతుంది. మూడోది పేగు జారితే. ఆ బరువంతా రింగు గట్టి అంచు మీద పడి ఒరుసుకుంటుంది. స్టోమా కొలత రింగు లోపలి హద్దుకు దగ్గరగా వచ్చిందంటే ఇక దాన్ని పక్కన పెట్టి సింగిల్ పీస్‌కు మారిపోండి. ఇప్పటికే రెండు డబ్బాలు కొని ఉంటే కాన్పు తర్వాత పనికొస్తాయి, పారేయక్కర్లేదు. రింగు బదులు జిగురుతో కలిసే టూ పీస్ దొరికితే మొదటి రెండు చిక్కులూ ఉండవు. మన జిల్లాల్లో అది చెప్పి తెప్పించుకోవాల్సిందే.

కొలవడం, కత్తిరించడం

చాలా కంపెనీల డబ్బాల్లో రంధ్రాలున్న కొలత కార్డు ఉంటుంది. చాలామంది దాన్ని డబ్బాతో పాటే పారేస్తారు. నాలుగో నెల నుంచి రెండు వారాలకోసారి, ఏడో నెల నుంచి వారానికోసారి దానితో కొలవాలి. పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చూడండి. పడుకున్నప్పుడు నున్నగా కనిపించే చర్మం కూర్చోగానే మడత పడుతుంది, కారేది ఆ మడతలోంచే. స్టోమా కోలగా ఉంటే కార్డులోని గుండ్రటి రంధ్రాలు పనికిరావు. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు ముక్క పైన పట్టుకుని పెన్నుతో అంచు గీసి, దాన్ని అచ్చుగా వాడాలి. అచ్చు మీద తేదీ రాయండి. అచ్చును జిగురు పొర వెనుక వైపు గీసేటప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయని గుర్తుంచుకోండి. కోల స్టోమాకు ఈ ఒక్క పొరపాటుతో సంచి దండగ.

కత్తిరించే రంధ్రం స్టోమా కంటే చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. ఇంకా పెద్దదైతే బయటపడ్డ చర్మం కాలిపోతుంది. మరీ బిగుతైతే గట్టి అంచు పేగును కోస్తుంది. స్టోమాకు నొప్పి తెలిసే నరాలు లేవు కాబట్టి సంచిలో రక్తం చూసేదాకా తెలియదు. రోజంతా స్టోమా పరిమాణం మారుతూ ఉంటే రంధ్రం అంచుకు అక్కడక్కడా ఓ నాలుగు మిల్లీమీటర్ల గాట్లు పెడితే అంచు విచ్చుకుని సర్దుకుంటుంది. మొన వంగిన చిన్న కత్తెర మంచిది. కత్తిరించాక అంచును వేలితో ఒకసారి రుద్ది నున్నగా చేయండి.

చర్మం కడగడానికి ఉత్త నీళ్లు చాలు. సబ్బు, డెట్టాల్, కొబ్బరినూనె, పొట్ట చారలకు రాసే క్రీములు, టాల్కం పౌడరు, పసుపు, ఏవీ స్టోమా చుట్టూ అరచేతి వెడల్పులో తగలకూడదు. ఏ నూనె పడినా జిగురు పట్టదు. శ్రీమంతం రోజు నలుగు పెట్టి తలంటుపోస్తారు కదా, అమ్మమ్మలు చెప్పినా ఆ భాగం వదిలేయమని ముందే చెప్పండి. వేడుక మొదలయ్యాక చెబితే ఎవరూ వినరు.

అతికించేటప్పుడు కింది అంచు నుంచి పైకి అద్ది, అరచేత్తో రెండు నిమిషాలు కప్పి ఉంచాలి. ఒంటి వేడికి జిగురు మెత్తబడి పట్టుకుంటుంది. చలి దేశాల వాళ్లు సంచిని ముందు చంకలో పెట్టుకుని వేడి చేయమంటారు. మే నెల కర్నూలులో ఆ అవసరం రాదు.

వేళ గురించి కూడా. పరగడుపున స్టోమా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున మార్చమంటారు. వేవిళ్లతో పొద్దున్నే వాంతులయ్యేవాళ్లు ఆ నియమం పట్టుకు వేలాడక్కర్లేదు. రాత్రి భోజనానికి ముందు మార్చినా పరవాలేదు. ఎనిమిదో నెల నుంచి మాత్రం ఒంటరిగా తంటాలు పడకుండా అమ్మకో, అత్తకో, భర్తకో పని నేర్పి పెట్టుకోవాలి. కాన్పయిన మొదటి రెండు రోజులు ఎలాగూ వాళ్లే మార్చాల్సి వస్తుంది.

కాన్వెక్స్ రకం, జాగ్రత్తగా

స్టోమా కుంగిపోయి చర్మం మట్టానికి వచ్చినప్పుడు జావ సంచిలో పడకుండా జిగురు కిందికి పారుతుంది. అలాంటప్పుడు చర్మం వైపు ఉబ్బెత్తుగా ఉండే కాన్వెక్స్ సంచి చుట్టూ చర్మాన్ని నొక్కి స్టోమాను బయటికి తెస్తుంది. బాగా పనిచేస్తుంది, అందుకే షాపుల్లో కారుతోందనగానే ఇది చేతికిస్తారు. గర్భంలో మాత్రం మెత్తటి కాన్వెక్స్ తప్ప గట్టిది వద్దు. లోపలి నుంచి పొట్ట తోస్తుంటే బయటి నుంచి గట్టి ప్లాస్టిక్ నొక్కితే మధ్యలో చర్మం నలిగి, కమిలి పుండు పడుతుంది. పేగు జారిన వాళ్లకు, స్టోమా పక్కన హెర్నియా ఉబ్బిన వాళ్లకు ఏ కాన్వెక్సూ పనికిరాదు. వాడేవాళ్లు తీసిన ప్రతిసారీ చర్మం మీద గుండ్రటి ఎర్ర ముద్ర ఉందేమో చూడాలి. అరగంటలో పోతే సరే, పోకపోతే మానేయాలి. మొదటిసారి డాక్టరో, స్టోమా పని తెలిసిన నర్సో చూసి పెట్టమంటేనే కొనండి.

పేస్టు, పౌడరు, బెల్టు

పేస్టు జిగురు కాదు, గుంటలు పూడ్చే లప్పం. గోడ పగుళ్లలో పెట్టినట్టు మడతల్లో, రంధ్రం అంచున సన్నటి గీతగా పెట్టాలి. ఎక్కువ పూస్తే సంచి జారిపోతుంది. ట్యూబులో వచ్చే పేస్టుల్లో చాలావాటిలో ఆల్కహాలు ఉంటుంది, ఒరుసుకున్న చర్మం మీద భగ్గుమంటుంది. పుండు ఉన్నవాళ్లు ఆల్కహాలు లేని స్ట్రిప్పో, సాగే రింగో తీసుకోవాలి. గర్భిణికి రింగే నయం, ఎటు లాగితే అటు సాగి కోల స్టోమాకు సరిపోతుంది, కిందికి చూడలేకపోయినా వేలితో తడిమి పెట్టుకోవచ్చు.

స్టోమా పౌడరు చిన్న డబ్బా అయినా ఇంట్లో ఉండి తీరాలి. తడి ఊరే చర్మం మీద చల్లి, మిగిలింది గుడ్డతో దులిపేయాలి. దులపకుండా సంచి పెడితే జిగురు పొడిని పట్టుకుంటుందే తప్ప చర్మాన్ని కాదు. మానిన చర్మం మీద వాడొద్దు. ఒళ్లంతా రాసుకునే టాల్కం దీనికి బదులు కాదు. ఎర్రటి చిన్న పొక్కులు, దురద ఉంటే అది చెమటకు పట్టిన ఫంగస్ కావచ్చు, పౌడరుతో పోదు, డాక్టరు మందు రాయాలి. దాన్ని కూడా నూనె పసలేని రూపంలో అడగండి, ఆయింట్‌మెంట్ మీద సంచి నిలవదు.

నడుము బెల్టు మూడో నెలలో బాగుంటుంది. తర్వాత పొట్ట గుండ్రమై బెల్టు పైకో కిందికో జారి సంచిని వంకరగా లాగుతుంది. స్టోమాకు సరిగ్గా పక్క మట్టంలో ఉండి, కింద రెండు వేళ్లు దూరే వదులు ఉంటేనే వాడండి. ఇక గర్భిణులకు అమ్మే వెడల్పాటి పొట్ట పట్టీలను స్టోమా చోట రంధ్రం లేకుండా బిగిస్తే జావ కిందికి దిగక జిగురు కిందికి ఎక్కుతుంది. లంగా బొందుతోనూ ఇదే తంటా. చీర కట్టేవాళ్లు ముడిని స్టోమా పైకో, పొట్ట కిందికో మార్చుకోవాలి. సంచి మధ్యలో బొందు పడితే పై సగం నిండి ఊడుతుంది.

ఎండ సంగతి మర్చిపోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర జిగురు ఆయుష్షు సగానికి పడిపోతుంది. నాలుగు రోజులు వచ్చే ఫ్లాంజ్ రెండు రోజులకే అంచులు తెల్లబడి లేస్తుంది. చెమట తుడిచి, చర్మం పూర్తిగా ఆరాక ఫ్యాన్ కింద అతికించాలి. ఇంకో రోజు లాగుదామని అంచుల చుట్టూ ప్లాస్టరు అంటించడం వల్ల లోపల కారేది కనపడకుండా పోతుంది తప్ప లాభం లేదు. సంచుల డబ్బాను రేకుల ఇంట్లో, కారు డిక్కీలో, కిటికీ పక్కన పెడితే వాడకముందే జిగురు కరిగి పాడవుతుంది. ఫ్రిజ్‌లోనూ వద్దు. మట్టి గోడల మూల గది ఉంటే అదే మంచి చోటు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్: సంచి కంటే ముందు కొనాల్సింది

పెద్దపేగు లేనివాళ్లకు నీరూ ఉప్పూ వెనక్కి పీల్చుకునే చోటు లేదు. గర్భంలో ఒంటికి నీరు ఇంకా ఎక్కువ కావాలి. పైన వేవిళ్లు, ఎండ. రోజుకు లీటరున్నర దాటి జావ పడుతుంటే ఒళ్లు ఎండిపోవడం మొదలైనట్టే. మూత్రం చిక్కటి పసుపుకు తిరగడం, నిలబడితే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. ఒళ్లు ఎండితే గర్భసంచి కూడా బిగుసుకుని నొప్పులు రావచ్చు. అందుకే కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి బాత్రూములో పెట్టి, అనుమానం వచ్చిన రోజు పడేదంతా కొలిచి రాసుకోవాలి. డాక్టరు దగ్గర బాగా పోతోంది అని చెప్పడం కంటే పద్దెనిమిది వందల మిల్లీలీటర్లు అని అంకె చెబితే వైద్యం మారుతుంది.

అప్పుడు చాలామంది చేసేది చెంబులకొద్దీ మంచినీళ్లు తాగడం. దానివల్ల జావ ఇంకా పెరుగుతుంది. ఉప్పు లేని నీరు చిన్నపేగులోకి పోతే పేగు తనలోని ఉప్పును దానిలోకి వదులుతుంది, ఆ ఉప్పు వెంట నీళ్లూ బయటికే పోతాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది కానీ సోడియం చాలా తక్కువ. చెరుకురసం, కూల్‌డ్రింకు, ప్యాకెట్ పండ్లరసాల్లో చక్కెర ఎక్కువై నీటిని పేగులోకి లాగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9, మొత్తం 20.5 గ్రాములు. ప్యాకెట్ వెనుక ఈ అంకెలుంటే ఏ కంపెనీదైనా ఒకటే, పది రూపాయలు ఎక్కువ పెట్టక్కర్లేదు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అట్టడబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలు వేరు. ఈ సూత్రానికి సరిపోనివాటి మీద ఆ పేరు వాడకూడదని ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో తేల్చి చెప్పింది. పాత నిల్వ ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకండి.

పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌లో కొంచెం కొంచెం గ్లాసులో వేసుకుని మిగతాది రబ్బరు బ్యాండు వేసి దాచడం ప్రతి ఇంట్లో కనిపించే అలవాటు, అది మానాలి. పొడిలో ఉప్పూ చక్కెరా సమంగా కలిసి ఉండవు, ఒక గ్లాసు ఉప్పగా, ఇంకోటి తియ్యగా వస్తుంది. మొత్తం ప్యాకెట్ లీటరు సీసాలో కలిపి, రోజంతా గుక్కగుక్కగా తాగి, 24 గంటల్లో మిగిలింది పారబోయాలి. ఒకేసారి గ్లాసుడు దించితే అంతా సంచిలోకే. జావ రెండు లీటర్లకు చేరినవాళ్లకు ఈ ఓఆర్‌ఎస్‌లోని సోడియం కూడా చాలదు. వాళ్లకు డాక్టర్లు ఇంకా చిక్కటి ద్రావణం రాస్తారు, సెలైన్ ఎక్కించాల్సీ రావచ్చు. బీపీ పెరిగిన గర్భిణులు ఉప్పు సంగతి డాక్టరుతో మాట్లాడకుండా సొంతంగా పెంచుకోకూడదు. జావ తగ్గించే లోపెరమైడ్ బిళ్లలూ అంతే, షాపులో అడిగి మింగేవి కావు.

జావ చిక్కబడటానికి మన వంటింట్లోనే సరుకుంది: మెత్తటి పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, అరటిపండు, మెత్తగా నానిన బొరుగులు. ఉగ్గాని తినొచ్చు, పైన చల్లే శనక్కాయలు తీసేసి.

ఏ సంచీ తీర్చలేని చిక్కు

పేగు అడ్డుపడటం. పెరుగుతున్న గర్భసంచి పేగుల్ని పైకీ పక్కకీ నెడుతుంది, పాత ఆపరేషన్ అతుకులు ఉన్నచోట పేగు మెలిపడుతుంది. దానికి తోడు అరగని పీచు ముద్ద వచ్చి నిలిస్తే దారి మూసుకుపోతుంది. అనంతపురం, కర్నూలు వంటల్లో శనక్కాయ లేనిది ఏది? పులిహోర, చిక్కీ, పొడి, పచ్చడి అన్నిటా ఉంది. శ్రీమంతం పళ్లెంలో కొబ్బరి ముక్కలూ చేరతాయి. మెత్తగా రుబ్బిన శనక్కాయ పచ్చడి తినొచ్చు, పలుకులు వద్దు. పచ్చికొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగు, పీచున్న మామిడి, పనస ఆరో నెల నుంచి తగ్గించడమే మంచిది. గోంగూర లాంటి ఆకుకూరలను కాడలు తీసి మెత్తగా ఉడికించి ఎనపాలి.

గుర్తుపట్టడంలోనే తప్పు జరుగుతుంది. నాలుగైదు గంటలు సంచిలో ఏమీ పడకపోవడం, అలలు అలలుగా నొప్పి, స్టోమా ఉబ్బడం, వాంతి. ఈ నొప్పిని కాన్పు నొప్పి అని, వాంతిని వేవిళ్లని అనుకుంటారు. ఏడో నెలలో కొత్తగా వాంతులు మొదలైతే అవి వేవిళ్లు కావు. ఒక్కోసారి సగం మూసుకున్న దారిలోంచి నీళ్లు మాత్రం జోరుగా వస్తాయి. విరేచనాలనుకుని ఆపే బిళ్ల వేస్తే ప్రమాదం. విరేచనం మందు అసలే వద్దు. గట్టి తిండి ఆపి, వాంతి లేకుంటే గోరువెచ్చటి ద్రవం కొంచెం తీసుకుని, ఉబ్బిన స్టోమాకు సరిపడా పెద్ద రంధ్రం కత్తిరించిన సంచి పెట్టుకుని, తగ్గకపోయినా వాంతి అయినా బయలుదేరాలి. ఆదోని నుంచో ఆత్మకూరు నుంచో వచ్చేవాళ్లు సాయంత్రం దాకా చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేయాలి. వెళ్లేది ప్రసూతి, సర్జరీ విభాగాలు రెండూ ఉన్న ఆసుపత్రికే. కర్నూలు సర్వజన వైద్యశాలలో రెండూ ఉన్నాయి. కాన్పు నర్సింగ్‌హోముకు వెళితే వాళ్లు మళ్లీ ఇంకోచోటికి పంపుతారు, ఆ రెండు గంటలే విలువైనవి.

పేగు జారినప్పుడు మొదట పడుకోవాలి. చాలాసార్లు వెల్లకిలా, కొంచెం ఎడమవైపు ఒరిగి పడుకుంటే దానంతటదే లోపలికి పోతుంది. వేళ్లతో తోయడం ఇంటిపని కాదు. రంగు మారినా, అరగంటకూ లోపలికి పోకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. టైఫాయిడ్‌తో పేగుకు పడ్డ రంధ్రానికో, క్షయకో లూప్ ఇలియోస్టమీ (పేగును మడతగా బయటికి తెచ్చేది) పెట్టించుకున్నవాళ్ల స్టోమాకు రెండు నోళ్లుంటాయి, జారడం వాళ్లలో ఎక్కువ. పెద్ద సంచి, పెద్ద రంధ్రం, మెత్తటి చదును జిగురు. అంతకు మించి షాపులో దొరికే పరిష్కారం లేదు.

ఐరన్ బిళ్ల

ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. జావ నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో మారుతుంది, భయం లేదు. బయట కొనేటప్పుడు స్ట్రిప్పు మీద ఎంటరిక్ కోటెడ్, సస్టెయిన్డ్ రిలీజ్ అని ఉంటే వద్దనండి. అవి కరిగేలోపే సంచిలోకి వచ్చేస్తాయి. సంచి వంచేటప్పుడు బిళ్ల బిళ్లగానే కనిపిస్తే డాక్టరుకు చెప్పి సిరప్‌కో, రక్తనాళంలోకి ఎక్కించే ఐరన్‌కో మారాలి. చిన్నపేగు చివరి భాగం తీసేసినవాళ్లకు బీ12 ఇంజెక్షన్ విడిగా కావాలి. షుగర్ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు తాగించేముందు ఇలియోస్టమీ ఉందని ల్యాబులో కాదు, డాక్టరుకే చెప్పండి. ఆ తీపినీళ్లతో జావ పొంగిపోవచ్చు, బదులుగా వేరే పద్ధతిలో చూడొచ్చు.

కాన్పు బ్యాగులో

ఇలియోస్టమీ ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు. మామూలు కాన్పు చాలామందికి అవుతుంది. సిజేరియన్ అయితే కోత, ప్లాస్టరు ఎక్కడ పడతాయో ముందే సర్జన్‌తో మాట్లాడాలి. ఫ్లాంజ్ అంచు గాయం మీదికి వస్తే రెండూ చెడతాయి. అలాంటప్పుడు వెడల్పు తక్కువున్న సింగిల్ పీస్ కావాలి. ఆసుపత్రికి పారదర్శకమైన సింగిల్ పీస్ సంచులు ఆరు, ఆఖరి అచ్చు, వంపు కత్తెర, రింగులు రెండు, పౌడరు, పాత న్యూస్‌పేపర్లు, కవర్లు పట్టుకెళ్లండి. వార్డులో ఇవి ఉంటాయని అనుకోవద్దు. రాత్రి పన్నెండింటికి షాపులు తెరిచి ఉన్నా ఈ సరుకు ఉంటుందన్న నమ్మకం లేదు.

కాన్పయ్యాక పొట్ట తగ్గుతూ స్టోమా కూడా చిన్నదవుతుంది. ఎనిమిదో నెల అచ్చుతోనే కత్తిరిస్తూ పోతే చుట్టూ చర్మం కాలుతుంది. ఆరు వారాల దాకా వారానికోసారి కొలవండి. అప్పటిదాకా పెద్ద డబ్బాలు కొనకుండా షాపులో విడిగా ఐదైదు సంచులు ఇమ్మని అడగండి, చాలామంది ఇస్తారు. పాలిచ్చేవాళ్లు ఓఆర్‌ఎస్ సీసా మానకూడదు. కొలత రెండు వారాలు ఒకేలా నిలిచాక పక్కన పెట్టిన టూ పీస్ డబ్బా బయటికి తీసి, గడువు తేదీ చూసుకుని వాడుకోవచ్చు.